ఆస్పత్రి డ్యూటీల్లో బర్నవుట్: ఓర్చుకోమనే సలహాలు పక్కనపెట్టి చేయాల్సిన పనులు

ఇది హౌస్ సర్జన్లకు, పీజీలకు, స్టాఫ్ నర్సులకు, క్యాజువాల్టీలో కూర్చునే డ్యూటీ డాక్టర్లకు. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రుల్లో చేసేవాళ్లకైనా, జిల్లా కేంద్రంలో యాభై పడకల ప్రైవేటు ఆస్పత్రిలో నైట్లు చేసేవాళ్లకైనా చాలావరకు పనికొస్తుంది.

ఆస్పత్రిలో ఎవరైనా కుంగిపోయారని తెలిస్తే పైవాళ్లు ముందుగా పెట్టేది ఒక సెషన్. సెమినార్ హాలు, ప్రొజెక్టర్, 'ఒత్తిడిని జయించడం ఎలా' అని స్లైడ్లు, చివర్లో గ్రూప్ ఫొటో. హాజరు తగ్గకూడదని నైట్ డ్యూటీ దిగినవాళ్లను కూడా నిద్ర మానిపించి కూర్చోబెడతారు. యోగా, ప్రాణాయామం మీద నాకేం కోపం లేదు. కానీ ముప్ఫై గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి తట్టుకునే శక్తి గురించి పాఠం చెప్పడం ఏం న్యాయం? ఆ శక్తి లేకపోతే ఎంబీబీఎస్ మూడో ఏడాదిలోనో, నర్సింగ్ ట్రైనింగ్ మొదటి పోస్టింగులోనో ఇంటికెళ్లిపోయేవాళ్లే. అందుకే ఇక్కడ ముందు నిద్ర గురించి, తర్వాత డ్యూటీ చార్టు గురించి చెప్తాను. మనసు గురించి మాటలు ఆ తర్వాత.

1. మీకున్నది ఏమిటో తేల్చుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బుల్లో చేర్చలేదు. ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా రాసింది. మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తంతా అయిపోయినట్టుండటం, పని మీద విరక్తి, నేను చేసేదానివల్ల ఒరిగేదేమీ లేదనిపించడం.

వార్డులో ఇవి వేరే రూపంలో కనిపిస్తాయి. రోగిని పేరుతో కాకుండా 'పద్నాలుగో బెడ్' అనడం అందరికీ అలవాటే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కొత్త అడ్మిషన్ వచ్చిందంటే ఆ వచ్చిన రోగి మీదే కోపం రావడం, ఆస్పత్రి నంబరు ఫోన్లో కనబడితే గుండె దడ, డ్యూటీకి బయల్దేరే ముందు కారణం లేకుండా ఏడుపు, బెడ్ మీది మనిషి పోతే 'హమ్మయ్య, ఒక బెడ్ ఖాళీ అయింది' అని ముందు అనిపించి తర్వాత అలా అనిపించినందుకు మీ మీద మీకే అసహ్యం. వీటిలో కొన్ని వారాల తరబడి ఉంటే పట్టించుకోవాల్సిందే.

మామూలు అలసటకూ దీనికీ తేడా తెలియాలంటే రెండు రోజులు వరసగా సెలవు పెట్టి పడుకోండి. లేచాక మళ్లీ కేసు గురించి కుతూహలం పుడితే అది అలసట. రెండు రోజుల తర్వాత కూడా ఆస్పత్రి గేటు తలుచుకుంటే కడుపులో తిప్పితే అలసటను దాటిపోయింది.

డిప్రెషన్ సంగతి వేరు. బర్నవుట్‌లో పని దగ్గర మనసు చచ్చిపోతుంది కానీ ఊరెళ్తే, చెల్లెలి పిల్లతో ఆడుకుంటే, మ్యాచ్ చూస్తే కాస్త తేరుకుంటుంది. డిప్రెషన్‌లో ఆ తేడా ఉండదు, ఇష్టమైనవన్నీ ఒకేలా చప్పబడతాయి. డిప్రెషన్ ఎంతుందో చూడటానికి రోగులకు ఇచ్చే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితం మీరూ ఒకసారి నింపండి. స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టును కలవండి. అదే చేత్తో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చేయించుకోండి. నీరసం అని వచ్చిన పేషెంటుకు ఇవన్నీ రాస్తాం, మన నీరసానికి మాత్రం టీ తాగుతాం.

చచ్చిపోవాలని ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. ఈరోజు డ్యూటీకి వెళ్లకండి, గదిలో ఒంటరిగా ఉండకండి. రూమ్మేట్‌కో, అన్నకో, అక్కకో సూటిగా 'నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నా దగ్గరకు రా' అని చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో విషయం. సీనియర్ బూతులు తిట్టడం, రోగుల ముందు అవమానించడం, చెయ్యి చేసుకోవడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఇలాంటివాటి వల్ల కుంగిపోతుంటే దానికి బర్నవుట్ అని పేరు పెట్టకండి. అది వేధింపు. విద్యార్థులైతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. లైంగిక వేధింపులకు 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి ఆస్పత్రిలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. నిద్రపోయినంత మాత్రాన ఇవి తగ్గవు, ఫిర్యాదుతోనే తగ్గుతాయి.

2. రెండు వారాలు లెక్క రాయండి

చిన్న నోట్‌బుక్ చాలు. రోజూ నాలుగు సంగతులు రాయండి: డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము (చార్టులో ఉన్నది కాకుండా నిజంగా దిగింది), ఎన్ని గంటలు పడుకున్నారు, మీది కాని పని ఎంతసేపు చేశారు.

ఆ నాలుగోది జాగ్రత్తగా రాయండి. బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరగడం, శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు పరిగెత్తడం, వార్డ్‌బాయ్ లేక స్ట్రెచర్ తోయడం, ఆరోగ్యశ్రీ ఫొటోలు అప్‌లోడ్ చేయడం, సర్వర్ డౌన్ అయితే మళ్లీ చేయడం, సిస్టర్లకైతే లినెన్ లెక్కలు, స్టాక్ రిజిస్టర్లు. రెండు వారాల తర్వాత కూడితే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. మిమ్మల్ని అరగదీసేది రోగులే అనుకుంటారు. కానీ రోగి దగ్గర గడిపిన గంటలు అందులో తక్కువే ఉండొచ్చు.

ఇప్పుడు ఆ గంటలను నియమాల పక్కన పెట్టి చూడండి. రెసిడెంట్లకు, అంటే ఆస్పత్రిలో డ్యూటీ చేసే పీజీల్లాంటివాళ్లకు, వరసగా 12 గంటలకు మించి డ్యూటీ వేయకూడదని, వారానికి సాధారణంగా 48 గంటలే ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే రెసిడెన్సీ స్కీములో రాసింది. 'అవసరాన్ని బట్టి' అనే మాట కూడా అందులోనే పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా అందరూ ఆ మాటనే పట్టుకుని వేలాడుతున్నారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో 'సహేతుకమైన పనిగంటలు' అని ఊరుకుంది గానీ వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల జీతంతో కూడిన క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు మాత్రం రాసింది. అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించొద్దనీ, రోజుకు 7 నుంచి 8 గంటల నిద్ర ఉండాలనీ సిఫారసు చేసింది. అమెరికాలో రెసిడెన్సీ చేసే మనవాళ్లకు 2003 నుంచి 80 గంటల పరిమితి అమల్లో ఉంది, అక్కడా దాన్ని దాటించే విభాగాలు లేకపోలేదు.

నర్సులకు గంటలకంటే రోగుల సంఖ్య ముఖ్యం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాస్పత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. మీ నోట్‌బుక్‌లో ప్రతి షిఫ్టులో ఎంతమంది రోగులను చూశారో కూడా రాయండి. నలభై అని రాయాల్సి వస్తే నలభై అనే రాయండి.

3. నిద్రను మందులా వాడండి

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చేది ఇదే. పైవాళ్ల సంతకం లేకుండా మీ చేతిలో ఉన్నదీ ఇదే, కొంతవరకైనా.

1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పోలిక చేశారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోయింది. 24 గంటలకు అది 0.10 శాతం దగ్గరకు వెళ్లింది. మన మోటారు వాహనాల చట్టంలో పరిమితి 0.03. అంటే పోస్ట్ డ్యూటీలో, రాత్రంతా చేసి మర్నాడు బైకెక్కి ఇంటికెళ్లే పీజీని కూకట్‌పల్లిలో డ్రంక్ అండ్ డ్రైవ్ వాళ్లు ఆపి ఊదిస్తే సున్నా వస్తుంది, కానీ అతని మెదడు పరిమితికి మూడు రెట్లు తాగినవాడిలా ఉంటుంది. 24 గంటలు దాటిన షిఫ్టు చేసి బండి నడిపిన ఇంటర్న్‌లకు యాక్సిడెంటు అయ్యే అవకాశం రెట్టింపుకన్నా ఎక్కువని 2005లో అమెరికా అధ్యయనంలో తేలింది. నైట్ దిగాక బండి నడపకండి. ఆటో, బస్సు, మెట్రో, ఏదైనా సరే. బండి తప్పదంటే డ్యూటీ రూంలో ముందు అరగంట పడుకుని బయల్దేరండి.

నైట్‌కు ముందు: మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. 'నాకు పగలు నిద్ర పట్టదు' అంటారు. చీకటి చేసి కళ్లు మూసుకుని పడుకోండి చాలు, పట్టిన మేరకు పట్టనివ్వండి.

నైట్‌లో: తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మెదడు అడుగంటుతుంది. దానికి ముందే, కుదిరితే ఒంటిగంట, రెండు మధ్య 20 నిమిషాలు పడుకోండి. 20 నిమిషాలే, అలారం పెట్టుకుని. గంట పడుకుని మధ్యలో లేస్తే మత్తు వదలదు, ఆ మత్తులో తీసుకునే నిర్ణయాలు మరీ ప్రమాదం. కాఫీ తాగి వెంటనే పడుకుంటే అది పనిచేయడం మొదలుపెట్టే వేళకు మీరు లేస్తారు. ఇద్దరు డ్యూటీలో ఉంటే ఎవరు ఎప్పుడు పడుకోవాలో రాత్రి పది గంటలకే తేల్చుకోండి. 'ఖాళీ దొరికినప్పుడు చూద్దాం' అనుకుంటే ఆ ఖాళీ రాదు.

ఆ 3 నుంచి 5 మధ్య ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, హెపారిన్ ఇచ్చేటప్పుడు ఇంకొకరికి డోసు పైకి చదివి వినిపించండి. ఎంత సీనియర్ సిస్టర్ అయినా, ఎంత సీనియర్ పీజీ అయినా. 'నన్ను నమ్మవా' అనుకునే చోట ముందే చెప్పుకోవాలి, ఇది నమ్మకానికి సంబంధించిన సంగతి కాదని, టైముకు సంబంధించిందని. బోస్టన్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూల్లో 24 గంటలు దాటిన షిఫ్టులు చేసిన ఇంటర్న్‌లు, పొట్టి షిఫ్టులు చేసినవాళ్లకంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారని 2004లో బయటపడింది. వాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే.

నైట్ తర్వాత: కాఫీ, టీ తెల్లవారుజామున నాలుగు దాటాక వద్దు. కెఫీన్ సగం కరగడానికే అయిదు గంటలు పడుతుంది. బయటికొచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి, ఎండ కంట్లో పడితే ఒళ్లు తెల్లారిందనుకుంటుంది. టిఫిన్ తేలిగ్గా తినండి, నెయ్యి కారం దోసె ఇంకో రోజు. ఒక్క నైటే అయితే మూడు నాలుగు గంటలు పడుకుని లేచి, రాత్రి మామూలు టైముకు పడుకోండి. వరసగా నైట్లుంటే పగలంతా పడుకోవాల్సిందే. కిటికీకి నల్ల గుడ్డ, ఫోన్ సైలెంట్. ఇంట్లో ఇద్దరి నంబర్లకు మాత్రమే మోగేలా పెట్టుకోండి.

పెళ్లయిన సిస్టర్లకు ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు. నైట్ దిగి ఇంటికెళ్లేసరికి పిల్లల క్యారేజీలు, అత్తగారి మందులు ఎదురుచూస్తుంటాయి. 'పగలు ఇంట్లోనే ఉంటుందిగా' అనుకునే ఇంట్లో ఎవరూ నిద్రను నిద్రగా చూడరు. అక్కడ ఒకసారి కూర్చుని మాట్లాడాలి. 'ఉదయం పది నుంచి మూడు దాకా నేను ఇంట్లో లేననుకోండి' అని చెప్పి, ఆ అయిదు గంటలు ఎవరు ఏం చూసుకోవాలో భర్తతో తేల్చుకోవాలి. మర్యాద కోసం ఊరుకుంటే మందుల డోసులో పొరపాటు ఏ రాత్రయినా జరగొచ్చు.

తిండి, నీళ్ల గురించి ఎక్కువ చెప్పను, మీరే రోజూ చెప్తుంటారు. మీ పేరు రాసిన నీళ్ల సీసా నర్సింగ్ స్టేషన్‌లో పెట్టుకోండి, బాత్రూంకి వెళ్లడం వాయిదా వేయకండి.

4. డ్యూటీ చార్టు గురించి అడగండి, కానీ ఇలా

యూనిట్ చీఫ్ దగ్గరకు ఒక్కరే వెళ్లి 'సార్, నావల్ల కావట్లేదు' అంటే వచ్చే జవాబు మనందరికీ కంఠతా వచ్చు: 'మా రోజుల్లో అయితే...' అని మొదలవుతుంది. అందుకని ఒంటరిగా వెళ్లకండి. యూనిట్‌లో నలుగురైదుగురు కలిసి, రెండు వారాల లెక్కతో, ఒక పేజీ కాగితంతో వెళ్లండి. యూనిట్ కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే నాడు వద్దు. ఓపీ అయిపోయాక, సార్ టీ తాగే వేళకు వెళ్లండి.

ఖర్చు లేనివి ముందు అడగండి. మాట తీరు ఇలా ఉండొచ్చు: 'సార్, ఈ రెండు వారాల్లో మా డ్యూటీ గంటలు ఇవి. పోస్ట్ డ్యూటీ వాళ్లు రౌండ్స్ అయ్యాక పదకొండింటికి హ్యాండోవర్ ఇచ్చి వెళ్లేలా చేస్తే వార్డు పని ఆగకుండా ఇలా సర్దుకుంటాం. ఒక నెల చూడండి, కుదరకపోతే పాత పద్ధతికే వెళ్దాం.' ఒక నెల ప్రయోగం అంటే ఒప్పుకోవడం సులువు. పాత పద్ధతి తప్పని ఒప్పుకోనక్కర్లేకుండానే ఒప్పుకోవచ్చు కదా.

అడగదగినవి ఇంకొన్ని: నైట్‌లో ఒకరి తర్వాత ఒకరు పడుకునే అనుమతి, డ్యూటీ రూంకు తలుపు గడియ, ఫ్యాను, శుభ్రమైన దుప్పటి, నెల చార్టు పది రోజుల ముందే ఇవ్వడం, ఆరోగ్యశ్రీ అప్‌లోడింగ్‌కు డేటా ఎంట్రీ ఆపరేటర్. ఆపరేటర్‌ను అడిగేటప్పుడు నోట్‌బుక్‌లో నాలుగో లెక్క చూపించండి. పీజీల గంటలు దేనికి పోతున్నాయో అంకెల్లో కనిపిస్తే సూపరింటెండెంట్‌కు కూడా పైకి రాయడానికి ఒక ఆధారం ఉంటుంది.

స్టాఫ్ నర్సులు హెడ్ నర్స్ ద్వారా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, కాగితం అందిందనడానికి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. రాత్రి ఒక్క సిస్టర్‌తో నలభై మంది ఉన్న వార్డు నడుస్తుంటే ఆ విషయం తేదీతో సహా కాగితం మీద ఉండాలి. రేపు ఏదైనా జరిగితే అందరూ వెతికేది డ్యూటీలో ఉన్న సిస్టర్ పేరే.

ప్రైవేటులో, ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకు ఈ దారి ఇరుకు. అడిగితే 'మానేయండి' అంటారు. అక్కడ నియామక పత్రంలో గంటలు ఏమి రాసి ఉన్నాయో చూసుకోండి, వాట్సాప్‌లో వచ్చే డ్యూటీ మెసేజ్‌లు దాచుకోండి, వేరే చోట చూసుకుంటూనే అడగండి.

చార్టుతోపాటు హ్యాండోవర్ పద్ధతి, అంటే డ్యూటీ దిగేటప్పుడు రోగులను తర్వాతివాళ్లకు అప్పగించే తీరు, కూడా మార్చుకోండి. ఇంటికెళ్లాక కూడా తల ఆస్పత్రిలోనే ఉండటానికి సగం కారణం అరకొర హ్యాండోవర్. 'అందరూ స్టేబులే' అని చెప్పి వచ్చేస్తే, బస్సులో కూర్చున్నాక ఆ ఆరో బెడ్ పొటాషియం రిపోర్టు గుర్తొస్తుంది. ప్రతి రోగికి అయిదు సంగతులు చెప్పండి: ఎంత సీరియస్, క్లుప్తంగా కథ, చేయాల్సిన పనులు, ఏం జరగొచ్చు జరిగితే ఏం చేయాలి, చివరికి తీసుకున్నవాళ్లు తిరిగి చెప్పడం. ఈ పద్ధతిని 9 పిల్లల ఆస్పత్రుల్లో పెట్టి చూస్తే వైద్యంలో తప్పులు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. చెప్పడం పూర్తయ్యాక వార్డు వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేయండి. మర్నాడు ఉదయం దాకా ఆ రోగులు మీ సహోద్యోగి చేతిలో ఉన్నారు.

5. పేషెంట్ తరఫువాళ్ల కోపం

పనిభారం కంటే ఇది ఎక్కువ కుంగదీస్తుందని చాలామంది చెప్తారు. 2020 జూన్‌లో కొవిడ్ రోగి చనిపోయాక గాంధీలో జూనియర్ డాక్టర్ మీద దాడి జరిగితే అందరూ రోడ్డెక్కారు. డాక్టర్ల కోసం దేశమంతా చప్పట్లు కొట్టింది కూడా ఆ ఏడాదే.

గొడవలు చాలావరకు సమాచారం అందక మొదలవుతాయి. అందుకని రోజుకు రెండు టైములు పెట్టుకోండి, ఉదయం రౌండ్స్ తర్వాత, సాయంత్రం ఆరింటికి. సీరియస్ రోగి వాళ్లతో ఆ టైములో మీరే మాట్లాడతామని చెప్పండి, మాట్లాడండి. ఇంటి పెద్ద ఎవరో కనుక్కుని వాళ్లతోనే మాట్లాడండి, లేకపోతే ఒకే మాట ఏడుగురికి ఏడు రకాలుగా చేరుతుంది. 'ఏం చెప్పలేం' అనే మాట మానేయండి. 'ఈ రాత్రి గండం, బీపీకి మందులు పెంచాం, తెల్లారితే మళ్లీ చెప్తా' అంటే వాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మరణం చెప్పడానికి హౌస్ సర్జన్‌ను ఒక్కడినే పంపకండి, మీరే హౌస్ సర్జన్ అయితే ఒక్కరే వెళ్లకండి. తలుపు వైపు మీరుండండి. సెక్యూరిటీకి ముందే కబురు పెట్టండి.

చెయ్యి లేస్తే వాదించకుండా బయటికి రండి. తెలుగు రాష్ట్రాల్లో 2008 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉంది. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది, వైద్య, నర్సింగ్ విద్యార్థులు అందరూ దాని కిందికి వస్తారు. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో డాక్టరు హత్యాచార ఘటన తర్వాత కేంద్ర ఆస్పత్రులకు ఇచ్చిన ఆదేశంలో ఆరు గంటల్లోగా సంస్థ పేరు మీదే ఎఫ్ఐఆర్ వేయించే బాధ్యత అధిపతిదని చెప్పారు. మీ రాష్ట్ర ఆస్పత్రిలో కూడా ఇదే అడగండి: ఫిర్యాదు మీ పేరు మీద వద్దు, ఆస్పత్రి పేరు మీద వేయమనండి. కోర్టు చుట్టూ తిరిగేది మీరొక్కరే కాకుండా ఉంటారు. దాడి జరిగిన రోజు ఆ డ్యూటీ ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోవాలి. 'పర్లేదు సార్, చేస్తా' అనకండి.

6. చావు చూశాక, తప్పు జరిగాక

చిన్న పిల్ల పోయిన రాత్రి, లేదా మీ చేతిలో డోసు తప్పిన రాత్రి. 2000లో ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ డాక్టర్ ఇలాంటి స్థితిలో ఉన్న వైద్యుణ్ని 'రెండో బాధితుడు' అన్నాడు. మన దగ్గర ఈ రెండో మనిషికి దొరికేది, చనిపోయిన కేసులు చర్చించే మార్టాలిటీ మీటింగులో నిలబెట్టి అడిగే ప్రశ్నలు. ఆ మీటింగులు అవసరమే, కానీ అవి వారం తర్వాతి పని.

ఆ రాత్రే పది నిమిషాలు తీసుకోండి. కేసులో ఉన్న డాక్టరు, సిస్టర్, వార్డ్‌బాయ్, ఉన్నవాళ్లంతా ఒక మూల నిలబడి మూడు మాటలు: ఏం జరిగింది, ఎవరికి ఎలా ఉంది, ఈ రాత్రి డ్యూటీ కొనసాగించే స్థితిలో ఎవరు లేరు. ఎవరి తప్పనే మాట ఆ పది నిమిషాల్లో రాకూడదు. తోటివాళ్లు అలా ఉంటే 'ధైర్యంగా ఉండు, ఇవన్నీ మామూలే' అనకండి. 'ఏమైందో చెప్పు, వింటా' అనండి. మీ పక్కన కూర్చుని వాళ్లు అన్నం తినేలా చూడండి. నిజంగా పొరపాటు జరిగితే యూనిట్ చీఫ్‌కు అప్పుడే చెప్పండి, కేస్ షీటులో ఉన్నది ఉన్నట్టు రాయండి. దిద్దిన కేస్ షీటు మోసినంత కాలం నిద్ర పట్టదు, కోర్టులో నిలబడదు కూడా.

కొంచెం ఓపిక ఉంటే నెలకోసారి ఏడెనిమిది మంది కూర్చునే అలవాటు చేసుకోండి. లండన్‌లో 1950లలో మైఖేల్ బాలింట్ అనే ఆయన ఫ్యామిలీ డాక్టర్లతో ఇలా మొదలుపెట్టాడు. ఒకరు తమను కలవరపెట్టిన ఒక రోగి గురించి చెప్తారు, మిగతావాళ్లు వైద్యం గురించి సలహాలివ్వకుండా ఆ డాక్టరుకు, ఆ రోగికి మధ్య ఏం జరిగిందో మాట్లాడతారు. మీ కాలేజీ సైకియాట్రీ విభాగంలో ఒకరిని నడిపించమని అడగండి, సాధారణంగా సంతోషంగా వస్తారు. హెచ్ఓడీలను, అంటే విభాగాధిపతులను పిలవకండి, వాళ్ల ముందు ఎవరూ నోరు విప్పరు.

7. వైద్యం చేయించుకునేటప్పుడు

'సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్తే కాలేజీ అంతా తెలిసిపోతుంది' అనే భయం వట్టిది కాదు. అందుకని మీ ఆస్పత్రిలో కాకుండా ఊళ్లో ఇంకో చోట చూపించుకోండి. ఓపీ చీటీలో మీ హోదా రాయించక్కర్లేదు. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చెబుతోంది. ఆ సైకియాట్రిస్టు మీ హెచ్ఓడీకి క్లాస్‌మేట్ అయినా సరే చెప్పకూడదు.

మీ మందులు మీరే రాసుకోకండి. నిద్రకు అల్ప్రాజొలాం, ఒళ్లు నొప్పులకు ట్రమడాల్, ఇవి వార్డు మందుల అల్మారా నుంచి ఎంత తేలిగ్గా జేబులోకి వస్తాయో మీకు తెలుసు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తగ్గించుకోండి.

8. ఇల్లు, ఊరు, వాట్సాప్

ఊళ్లో మొదటి డాక్టరు మీరే అయితే ఈ బాధ తెలుస్తుంది. 'బాబూ, రిపోర్టులు పంపా, చూసి చెప్పు.' 'అమ్మా, మా వియ్యంకుడికి గాంధీలో బెడ్ ఇప్పించు.' కాదంటే పొగరంటారు. నాన్నను మధ్యవర్తిగా పెట్టుకోండి, ఎమర్జెన్సీ అయితేనే ఆయన మీకు ఫోన్ చేస్తారు, మిగతావి మీరు ఆదివారం సాయంత్రం ఒక గంటలో చూస్తారు. రెండు నెలల్లో ఊళ్లోవాళ్లు అలవాటు పడతారు. చాలా రిపోర్టులు ఆదివారం దాకా ఆగేవే.

ఇంట్లోవాళ్లకు కేసులన్నీ చెప్పనక్కర్లేదు. 'ఈరోజు బాగాలేదు, అరగంట ఏమీ అడక్కండి' అని గుమ్మంలోనే చెప్పేస్తే చాలు.

9. ఆరు వారాల తర్వాత

నోట్‌బుక్ మళ్లీ తీసి ఇంకో రెండు వారాలు రాయండి. పీహెచ్‌క్యూ-9 మళ్లీ నింపండి. గంటలు తగ్గి, నిద్ర పెరిగి, స్కోరు దిగితే ఉన్న చోటే కొనసాగండి. నిద్ర పెరిగినా పని మీద విరక్తి అలాగే ఉంటే యూనిట్ మార్పు, వార్డు మార్పు అడగండి. ఎమర్జెన్సీ నుంచి ఓపీకి, ఐసీయూ నుంచి వ్యాక్సినేషన్‌కు మారిన సిస్టర్లు మళ్లీ మనుషులయ్యారని వాళ్లే చెప్తుంటారు. ఏ మార్పూ ఇవ్వకుండా, అడిగినందుకు కక్ష కడితే అప్పుడు సీటు, ఉద్యోగం వదిలే సంగతి ఆలోచించాలి.

వదిలేముందు మూడు పనులు. సీటు మధ్యలో వదిలితే కట్టాల్సిన సీట్ లీవింగ్ బాండ్ మొత్తం, ఒరిజినల్ సర్టిఫికెట్ల వాపసు నియమాలు కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ముందు మెడికల్ లీవు పెట్టి కనీసం రెండు వారాలు ఊళ్లో గడపండి. రాజీనామా కాగితం నైట్ డ్యూటీ దిగిన పొద్దున ఇవ్వకండి, పడుకుని లేచాక కూడా ఇవ్వాలనే ఉంటే ఇవ్వండి.